నంది కొండకు అటూ ఇటూ: యలహంక, కోలారు యుద్ధకాలపు ఏరోడ్రోములు, వాటి మనుషులు

రెండో ప్రపంచ యుద్ధం చివరి రెండేళ్లలో బర్మా మీద ఎగిరిన మస్కిటో, థండర్‌బోల్ట్ విమానాల సిబ్బందిలో చాలామంది ఆ విమానాలను తొలిసారి చేతబట్టింది మైసూరు సంస్థానపు ఎర్రమట్టి నేల మీద. బెంగళూరుకు ఉత్తరాన యలహంక, తూర్పున కోలారు. ఈ రెండు ఏరోడ్రోములలో పైలట్లు, నావిగేటర్లు కొత్త విమానాలకు అలవాటు పడ్డారు. వారి వెనక ఫిట్టర్లు, రిగ్గర్లు, ఆర్మరర్లు, వడ్రంగులు, డ్రైవర్లు, వంటవాళ్లు, కూలీలు రాత్రింబవళ్లు పనిచేశారు. పైలట్ల పేర్లు పుస్తకాల్లోకి, రాళ్ల మీదికి ఎక్కాయి. నేల మీద పనిచేసినవారి పేర్లు ఎక్కువభాగం ఎక్కడా మిగల్లేదు. ఈ రెండు చోట్ల చరిత్ర రాయబూనితే ముందు చెప్పుకోవలసిన సంగతి ఇదే.

చోటు

నంది కొండ ఎత్తు 4,851 అడుగులు. యలహంక రన్‌వే సముద్రమట్టానికి దాదాపు 3,000 అడుగుల ఎత్తున ఉంది. అంటే కొండ కొమ్ము ఏరోడ్రోమ్ నేలకంటే 1,800 అడుగులు పైన నిలుస్తుంది. తిన్నగా గీత గీస్తే ఈ రెంటి మధ్య దూరం ముప్ఫై కిలోమీటర్ల లోపే. అలవాటులేని విమానంతో తొలిసారి గాలిలోకి లేచిన పైలటు పట్టించుకోక తప్పని ఎత్తు అది. మరో చిక్కు గాలిది. ఇంత ఎత్తున గాలి పలచన, వేసవిలో మరీ పలచన. కాబట్టి బరువైన విమానం నేల విడవాలంటే సముద్రతీరపు ఏరోడ్రోమ్ మీద కంటే ఎక్కువ దూరం పరుగెత్తాలి.

నంది చుట్టుపక్కల ప్రాంతం నాడు కోలారు జిల్లా. చిక్కబళ్లాపురం 2007లో వేరు జిల్లా అయింది. బాగేపల్లి, చింతామణి, శ్రీనివాసపురం తాలూకాలలో ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం అన్నది అప్పటికే తరాల అలవాటు. యలహంక నుంచి బయలుదేరే రెండున్నర అడుగుల న్యారోగేజ్ రైలు దేవనహళ్లి, నంది హాల్ట్, చిక్కబళ్లాపురం, శిడ్లఘట్ట, చింతామణి, శ్రీనివాసపురం మీదుగా కోలారు చేరి, అక్కణ్ణుంచి బౌరింగ్‌పేటకు, అంటే నేటి బంగారుపేటకు పోయేది. ఒక కొసన యలహంక, మరో కొస దగ్గర కోలారు, నడుమ తెలుగు పల్లెలు. విమానాన్ని మన పల్లెల్లో చాలాచోట్ల గాలిమోటారు అన్న రోజులవి.

నందికి దగ్గరలోనే ముద్దేనహళ్లి ఉంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరు. ఇంటిపేరే వారి పూర్వీకుల తెలుగునాటి మూలం చెబుతుంది. బెంగళూరులో మోటారు కార్ల కర్మాగారం పెట్టాలని వాల్‌చంద్ హీరాచంద్‌తో కలిసి ఆయన చాలా ప్రయత్నించారు. అది పొసగలేదు. అదే వాల్‌చంద్ మైసూరు దివాన్ మీర్జా ఇస్మాయిల్ అండతో 1940 డిసెంబర్‌లో బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీని నెలకొల్పారు. కారు రాలేదు, విమానం వచ్చింది. యుద్ధం దక్షిణాదికి చేరేటప్పటికి ఇక్కడ లోహం, కొయ్య, ఇంజను తెలిసిన చేతులు కొన్ని సిద్ధంగా ఉండటానికి ఆ కర్మాగారమే కారణం.

1942

1942 ఫిబ్రవరి 15న సింగపూర్, మార్చి 8న రంగూన్ జపాన్ వశమయ్యాయి. ఏప్రిల్ 5న కొలంబో మీద, 6న విశాఖపట్నం, కాకినాడల మీద, 9న ట్రింకోమలీ మీద జపాన్ నావికాదళ విమానాలు బాంబులు వేశాయి. తెలుగు తీరానికి యుద్ధం నేరుగా తగిలింది ఏప్రిల్ 6నే. అప్పుడు విశాఖ తీరాన్ని కాసింది భారత వైమానిక దళపు ఆరో నంబరు కోస్ట్ డిఫెన్స్ ఫ్లయిట్. దాని చేతిలో ఉన్నవి ఎప్పుడో కాలం చెల్లిన వాపిటీ రెండు రెక్కల విమానాలు.

దేశంలో ఏరోడ్రోములు చాలవని అప్పటికి అందరికీ తెలిసిపోయింది. ఆ ఏడాదే రెండు వందలకు పైగా ఏరోడ్రోములు సిద్ధం చేయాలని ప్రభుత్వం పూనుకుంది. గన్నవరం, దొనకొండల వంటి తెలుగునాటి రన్‌వేలు యుద్ధ విమానాలు చూసినది ఈ రోజుల్లోనే. రాళ్లు కొట్టినవాళ్లు, కంకర గంపలు నెత్తిన మోసినవాళ్లు ఊళ్ల నుంచి వచ్చిన ఆడా మగా కూలీలు. యంత్రాలు తక్కువ, రోలర్లు తక్కువ, చేతులే ఎక్కువ. ఏరోడ్రోమ్ చరిత్రలో మొదటి పేజీ వాళ్లది.

దక్షిణ భారతంలోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ దళాలన్నీ బెంగళూరులో కొలువున్న 225వ గ్రూప్ కింద ఉండేవి. జపాన్ విమానాలకు అందనంత దూరం, ఏడాది పొడవునా ఎగరడానికి అనువైన వాతావరణం, పక్కనే మరమ్మతు కర్మాగారం. యలహంక, కోలారు యుద్ధరంగాలు కాకుండా శిక్షణ కేంద్రాలు కావడానికి ఈ మూడూ కలిసొచ్చాయి.

యలహంక

1944 ఆరంభంలో యలహంకలో 1672 నంబరు మస్కిటో కన్వర్షన్ యూనిట్ ఏర్పడింది. కన్వర్షన్ అంటే ఒక రకం విమానం నడిపేవారిని మరో రకానికి మార్చడం. భారతంలో వల్టీ వెంజన్స్ డైవ్ బాంబర్లు నడిపిన నాలుగు రాయల్ ఎయిర్‌ఫోర్స్ స్క్వాడ్రన్లు 45, 82, 84, 110. ఈ నాలుగూ మస్కిటోకు మారాయి. 45, 84, 110 స్క్వాడ్రన్లు యలహంకలో, 82 కోలారులో ఆ పని చేసుకున్నాయి. వెంజన్స్ ఒక ఇంజను విమానం. మస్కిటోకు రెండు మెర్లిన్ ఇంజన్లు. టేకాఫ్ వేళ ముక్కు పక్కకు తిరగబోతుంది, పైలటు దాన్ని పట్టి ఉంచాలి. గాలిలో ఒక ఇంజను ఆగిపోతే రెండోదానితో దిగడం నేర్చుకోవాలి. వెంజన్స్‌లో వెనక కూర్చుని తుపాకీ పట్టిన గన్నర్లకు మస్కిటోలో చోటే లేదు. పైలటు పక్కన నావిగేటర్ కూర్చుంటాడు, అంతే. ఏళ్లుగా కలిసి ఎగిరిన జంటలు ఇక్కడ విడిపోయాయి.

అదే ఏడాది జూన్‌లో 1670 నంబరు థండర్‌బోల్ట్ కన్వర్షన్ యూనిట్ కూడా యలహంకలో మొదలైంది. హరికేన్లు నడిపిన 146, 261 స్క్వాడ్రన్లు తొలివిడతలో ఇక్కడ థండర్‌బోల్ట్‌కు మారాయి. హరికేన్ నుంచి థండర్‌బోల్ట్‌లోకి ఎక్కడం ఎద్దుబండి దిగి లారీ ఎక్కడం లాంటిది. పద్దెనిమిది సిలిండర్ల ఇంజను, రెండు వేల గుర్రపుశక్తి, రెక్కల్లో ఎనిమిది అర అంగుళం మెషిన్‌గన్లు. 1944 సెప్టెంబర్‌కల్లా ఆ విమానాలు బర్మా యుద్ధంలో దిగాయి.

ఎగిరేవాళ్లు కొన్ని వారాలు ఉండి వెళ్లిపోయేవారు. యూనిట్‌లోని గ్రౌండ్ సిబ్బంది అక్కడే ఉండిపోయేవారు. ఒక స్క్వాడ్రన్ వెళ్తే మరోటి వచ్చేది. వచ్చిన ప్రతి కొత్త పైలటు చేసే తప్పులు, బరువుగా దిగి వంచిన చక్రాల కాళ్లు, అతిగా వేడెక్కించిన ఇంజన్లు మళ్లీ వీళ్ల చేతికే వచ్చేవి. శిక్షణ కేంద్రంలో మెకానిక్ పని యుద్ధరంగంలో కంటే తేలిక అనుకోవడం పొరపాటు. ఒకే విమానాన్ని రోజుకు ఎన్నోసార్లు, ఎందరో కొత్తవాళ్లు ఎగరేస్తారు. అరుగుదల అంతా దానిదే.

కొయ్య విమానం కథ

ఈ ఏరోడ్రోముల చరిత్రలో అన్నిటికంటే బరువైన ఘట్టం మస్కిటో రెక్కలది. మస్కిటో కొయ్య విమానం. బాల్సా చెక్క నడుమ, ఇరువైపులా బర్చ్ ప్లైవుడ్, స్ప్రూస్ దూలాలు, వీటన్నిటినీ పట్టి ఉంచేది జిగురు. ఇంగ్లండులో ఈ తేలికతనమే దాని బలం. లోహం కొరతగా ఉన్న కాలంలో వడ్రంగులు, పియానోలు చేసేవాళ్లు కూడా దీన్ని చేయగలిగారు. కానీ ఎండకు ఎండి, వానకు నాని, మళ్లీ ఎండే మన వాతావరణంలో అది ఎలా నిలుస్తుందన్నది ఎవరికీ సరిగా తెలియదు.

1944 మే 13న, 45వ స్క్వాడ్రన్ అధిపతి, ఆస్ట్రేలియా వాడైన వింగ్ కమాండర్ హార్లీ స్టమ్, ఒడిశాలోని అమర్దా రోడ్ దగ్గర తన మస్కిటో గాలిలోనే విరిగిపోవడంతో చనిపోయారు. ఆ ఏడాది అక్టోబర్‌లో మరికొన్ని విమానాలు సాధన చేస్తుండగానే ముక్కలయ్యాయి. నవంబర్‌లో భారతంలోని మస్కిటోలన్నిటినీ నేల మీద ఆపేసి తనిఖీకి పెట్టారు. యలహంకలో మస్కిటోకు మారుతున్న స్క్వాడ్రన్లు చేతులు ముడుచుకుని కూర్చోవలసి వచ్చింది. 84వ స్క్వాడ్రన్ చేతికి మస్కిటోలు 1945 ఆరంభంలో గానీ సరిగా రాలేదు.

కారణం ఏమిటన్న విచారణ చాలాకాలం సాగింది. మొదట జిగురును అనుమానించారు. మేజర్ హెరివార్డ్ డి హావిలాండ్ నాయకత్వంలో వచ్చిన బృందం 1944 డిసెంబర్‌లో ఇచ్చిన నివేదికలో జిగురు చెడలేదని, వానాకాలపు తేమకు చట్రం కుంచించుకుపోవడమే కారణమని చెప్పింది. తరువాతి పరిశోధనల్లో తప్పు తయారీలోనే ఉందని తేలింది. రెక్క పైపొర లోపలి దూలానికి సరిగా అతుక్కోని విమానాలు ఇంగ్లండులోని కర్మాగారాల నుంచే అలా వచ్చాయి. అతుకు పొడవునా ప్లైవుడ్ పట్టీ వేసి మూయడం చివరికి దొరికిన పరిష్కారం. తప్పు ఇంగ్లండులో జరిగింది. దాన్ని వెతికి పట్టే భారం మాత్రం వేల మైళ్ల దూరంలో ఇక్కడి మెకానిక్కుల మీద పడింది.

నేల మీది మనిషి ఎంత అవసరమో ఇక్కడే తెలుస్తుంది. రెక్క మీద అరచేతితో తట్టి, పొర లేచిందా, అతుకులో సందు ఉందా అని రోజూ చూసేది రిగ్గర్. ఇనుము పగిలితే కనిపిస్తుంది. కొయ్య లోపల విడిపోతే పైకి కనిపించదు. వడ్రంగం తెలిసిన చెవికీ చేతికీ తప్ప దొరకదు. మస్కిటో అంటే దోమ. పేరుకు తగ్గట్టే ఆ విమానాన్ని కాపాడినవాళ్లను అసలు దోమలు కూడా వదల్లేదు. ఆసియా యుద్ధరంగంలో ఆసుపత్రి మంచం ఎక్కినవారిలో తూటా తగిలినవారి కంటే మలేరియా, విరేచనాలతో పడినవారే ఎక్కువ.

కోలారు

కోలారు ఏరోడ్రోమ్‌కు 1672 యూనిట్ 1944లో కొంతకాలం తరలింది. అయితే కోలారుకు సొంతమైన కథ లిబరేటర్లది. నాలుగు ఇంజన్ల ఈ భారీ బాంబర్‌కు సిబ్బందిని తయారుచేసే 1673 హెవీ కన్వర్షన్ యూనిట్ ఇక్కడ ఉండేది. 1944 నవంబర్ 8న దాని నుంచే 358వ స్క్వాడ్రన్ పుట్టింది. కొద్ది నెలలకే అది బెంగాల్‌లోని దిగ్రీకి వెళ్లి రహస్య పనుల్లో దిగింది. బర్మా, సయాం, ఇండోచైనా, మలయాల అడవుల్లో జపాన్‌తో పోరాడుతున్న దళాలకు రాత్రివేళ మనుషులను, ఆయుధాలను, వైర్‌లెస్ సెట్లను పారాచూట్లతో దించడం ఆ పని. యుద్ధం ఆగాక అదే విమానాలు ఖైదీల శిబిరాలకు మందులు, ఆహారం జారవిడిచాయి.

లిబరేటర్ రహస్య ప్రయాణాలు కొన్ని ఇరవై గంటలు దాటేవి. అంతసేపు నాలుగు ఇంజన్లూ ఆగకుండా తిరగాలంటే, బయలుదేరే ముందు నేల మీద ఎంత పని జరిగి ఉండాలో ఆలోచించాలి. పారాచూట్ మడతపెట్టిన మనిషిని దాంతో దూకినవాడు ఎప్పుడూ చూసి ఉండడు. అయినా అతని ప్రాణం ఆ మడతలోనే ఉంటుంది.

హైదరాబాదు పేరు మోసిన స్క్వాడ్రన్

యలహంకలో మస్కిటో నేర్చుకున్న 110వ స్క్వాడ్రన్ అధికారిక పేరు 110 (హైదరాబాద్) స్క్వాడ్రన్. 1918లో ఆ దళానికి డి.హెచ్.9ఏ విమానాలు కొనిచ్చింది నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఒక్కో విమానం మీద ఆయన బహూకరణ అన్న మాట రాసి ఉండేది. బ్రిటన్ రెండో యుద్ధంలోకి దిగిన మర్నాడు, 1939 సెప్టెంబర్ 4న జర్మన్ యుద్ధనౌకల మీద జరిగిన తొలి బ్రిటిష్ బాంబుదాడిలో ఈ స్క్వాడ్రన్ ఉంది. ఆ స్క్వాడ్రనే చివరికి దక్కన్ నేల మీదికే వచ్చి యలహంకలో దిగింది. 1945 ఆగస్టు 20న, జపాన్ లొంగుబాటు ప్రకటన తరువాత కూడా పోరాడుతున్న ఒక దళం మీద బర్మాలో మస్కిటోలు చేసిన చివరి యుద్ధ ప్రయాణం కూడా ఇదే స్క్వాడ్రన్‌ది. నిజాం సొమ్ముతో పేరు పొందినవి మరి రెండున్నాయి, 152 (హైదరాబాద్), 253 (హైదరాబాద్ స్టేట్). వీటిలో 152 కూడా స్పిట్‌ఫైర్లతో బర్మాలో పోరాడింది.

విమానం కొనడానికి సొమ్ము ఇచ్చిన రాజు పేరు స్క్వాడ్రన్‌కు శాశ్వతంగా నిలిచింది. ఆ సొమ్ము పన్నులుగా కట్టిన తెలంగాణ, మరాఠ్వాడా రైతు పేరు ఎక్కడా లేదు. పేరు ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ జారిపోతుంది అన్న ప్రశ్న ఏరోడ్రోమ్ కంచె బయట కూడా ఉంది.

హైదరాబాదు నుంచి వచ్చిన పైలట్లలో అందరికంటే ప్రసిద్ధుడు ఇద్రీస్ హసన్ లతీఫ్. 1923లో హైదరాబాదులో పుట్టి, నిజాం కాలేజీలో చదివి, 1942లో భారత వైమానిక దళంలో అధికారి అయ్యారు. బర్మా యుద్ధంలో ఎగిరారు. 1978 నుంచి 1981 దాకా వైమానిక దళాధిపతి.

హవాయి సిపాయిలు

భారత వైమానిక దళం 1932 అక్టోబర్ 8న ఏర్పడింది. 1933 ఏప్రిల్ 1న కరాచీలోని డ్రిగ్ రోడ్‌లో మొదటి స్క్వాడ్రన్ మొదలైనప్పుడు దానికి నాలుగు వాపిటీ విమానాలు, ఆరుగురు అధికారులు, 19 మంది హవాయి సిపాయిలు. గ్రౌండ్ సిబ్బందికి పెట్టిన పేరది. హవాయి అంటే గాలికి చెందిన అని అర్థం. గాలిలోకి ఒక్కసారైనా ఎగరకపోయినా వాళ్లు గాలి సిపాయిలే.

వాళ్లలో ఒకరైన హర్జిందర్ సింగ్ కథ ఈ వృత్తి గౌరవాన్ని చెప్పడానికి చాలు. ఇంజనీరింగ్ చదివి కూడా మామూలు సిపాయిగా చేరారు. 1942 ఆరంభంలో బర్మాలోని టౌంగూలో మొదటి స్క్వాడ్రన్ లైసాండర్లకు ఆయన నాయకత్వంలోని గ్రౌండ్ సిబ్బందే అండ. నిఘాకు, సైన్యంతో సమన్వయానికి చేసిన ఆ నిదానపు విమానాలకు వాళ్లే చేతులతో మార్పులు చేసి 250 పౌండ్ల బాంబులు మోసేలా మలిచారు. వాటితోనే స్క్వాడ్రన్ అధిపతి కరుణ్ కృష్ణ మజుందార్ సయాంలోని జపాన్ ఏరోడ్రోమ్ మీద దాడికి వెళ్లారు. హర్జిందర్ సింగ్ తరువాత ఎయిర్ వైస్ మార్షల్ దాకా ఎదిగారు. ఫిట్టర్‌గా మొదలై అంత ఎత్తుకు చేరినవాళ్లు అరుదు.

1939లో యుద్ధం మొదలైనప్పుడు ఈ దళంలో అధికారులు 16 మందే. యుద్ధం ముగిసేనాటికి మొత్తం 28,500 మంది, అందులో అధికారులు 1,600. అంటే ఒక్క అధికారికి దాదాపు 17 మంది సిబ్బంది. అధికారుల్లో కూడా అందరూ ఎగిరేవారు కారు. అంతకుముందు సైన్యంలో చేర్చుకునేటప్పుడు యోధజాతులు అన్న లెక్క ఒకటి ఉండేది. మద్రాసు రాష్ట్రం వాళ్లను చాలావరకు పక్కన పెట్టేవారు. ఇంజను బాగు చేయడానికీ వైర్‌లెస్ నేర్వడానికీ కావలసింది హైస్కూలు చదువు, లెక్కలు, ఇంగ్లీషు. యుద్ధం ముమ్మరమయ్యాక ఆ పాత లెక్క నిలబడలేదు. దక్షిణాది కుర్రాళ్లకు, వారిలో తెలుగువారికి కూడా, వైమానిక దళం తలుపు తెరుచుకున్నది ఈ పనుల దారినే.

పనుల పేర్లు విడివిడిగా చెప్పుకోవాలి, లేకపోతే గ్రౌండ్ సిబ్బంది అన్న ఒక్క మాటలో అందరూ కలిసిపోతారు. ఇంజను చూసేది ఫిట్టర్. రెక్కలు, తోక, చక్రాలు, కంట్రోల్ తీగలు చూసేది రిగ్గర్. తుపాకీలు, బాంబులు ఆర్మరర్ పని. ఎలక్ట్రీషియన్, వైర్‌లెస్ మెకానిక్, ఇన్‌స్ట్రుమెంట్ రిపేరర్ ఎవరి పని వారిది. పారాచూట్లు మడిచేవారు, పెట్రోలు పట్టేవారు, అగ్నిమాపక బండి దగ్గర కాపలా ఉండేవారు, వాతావరణం రాసేవారు, లారీ డ్రైవర్లు, స్టోరు గుమాస్తాలు వేరు. ఇంకా వెనక వంటవాళ్లు, చాకళ్లు, మంగళ్లు, స్వీపర్లు. వీళ్లకు అప్పట్లో పెట్టిన పేరు ఫాలోయర్లు, అంటే వెంట వచ్చేవాళ్లు. ఏరోడ్రోమ్‌లో ఏ పొద్దూ వీళ్లు లేనిదే గడవలేదు.

రోజు తెల్లవారకముందే మొదలయ్యేది. ఇంజన్లు వేడి చేసి, ఆయిలు, కూలెంటు చూసి, టైర్లు చూసి, తుపాకులు నింపి, కాక్‌పిట్ అద్దం తుడిచేవారు. మధ్యాహ్నానికి లోహపు రేకు మీద చేయి పెడితే కాలేది. ఎర్రమట్టి ధూళి ఇంజను గాలి వడపోతల్లో, బేరింగుల్లో, అన్నం పళ్లెంలో కూడా చేరేది. మెర్లిన్ ఇంజను ద్రవంతో చల్లబడేది కాబట్టి, నేల మీద ఎక్కువసేపు నడిపితే ఉడికిపోతుంది. రన్‌వే కొసన తన వంతు కోసం ఆగిన మస్కిటోను చూస్తూ నిలబడ్డ ఫిట్టర్ మనసు కూడా దానితో పాటే ఉడికేది.

పని అయ్యాక ప్రతివాడూ ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. దాని పేరు ఫారం 700. ఇంజను నేను చూశాను, రెక్క నేను చూశాను అని ఎవరి వరుసలో వారు రాసిన తరువాత, చివర్లో పైలటు సంతకం పెట్టి విమానం స్వీకరిస్తాడు. ఇద్దరి మధ్య నమ్మకం అంతా ఆ కాగితం మీదే ఉంది. స్క్వాడ్రన్ దినచర్య రాసేది మాత్రం మరో కాగితం, ఫారం 540. ఎవరు ఎగిరారు, ఎక్కడికి, ఎప్పుడు తిరిగొచ్చారు అన్నవి అందులో ఉంటాయి. ఫారం 540లు నేటికీ లండన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. ఫారం 700లు విమానంతో పాటే చాలావరకు పోయాయి. నేల మీది మనుషుల పేర్లు చరిత్రకు దక్కకపోవడానికి ఇదీ ఒక కారణం. ఎవరూ కావాలని చెరిపేయలేదు. ఏ కాగితం దాచాలన్న నిర్ణయంలోనే ఆ చెరపడం జరిగిపోయింది.

కర్మాగారం

హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ తొలి విమానం హార్లో శిక్షణ విమానం 1941 ఆగస్టులో, తొలి కర్టిస్ హాక్ 1942 జూలైలో ఎగిరాయి. 1942లో భారత ప్రభుత్వం వాల్‌చంద్ వాటాను కొనేసింది. 1943లో నిర్వహణ అమెరికా సైనిక వైమానిక దళం చేతికి వెళ్లింది. 84వ ఎయిర్ డిపో అన్న పేరుతో మరమ్మతులే ప్రధానమయ్యాయి. డకోటాలు, మిచెల్ బాంబర్లు, లిబరేటర్లు, కాటలీనా నీటి విమానాలు ఇక్కడికి వచ్చి బాగుపడి వెళ్లేవి. కాటలీనాలు బెళ్లందూరు చెరువులో దిగేవి. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో విమాన ఇంజనీరింగ్ విభాగం 1942 చివర్లో పుట్టింది కూడా ఈ అవసరం వల్లనే. దాన్ని నిలబెట్టినవారిలో ఒకరైన వి.ఎం. ఘాటగే తరువాత హెచ్.టి.2 శిక్షణ విమానానికి రూపకల్పన చేశారు. అది 1951 ఆగస్టులో ఎగిరింది.

గ్రౌండ్ సిబ్బంది నేర్పు ఎంతటిదో చెప్పడానికి యుద్ధం తరువాతి ఒక సంగతి చెప్పాలి. యుద్ధం అయిపోయాక కాన్పూరు దగ్గర చకేరీలో పదుల కొద్దీ లిబరేటర్లను వదిలేశారు. మళ్లీ ఎగరకుండా చేయాలని వాటిని పగలగొట్టి, ఇంజన్లలో ఇసుక పోసి మరీ వెళ్లారు. హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ మెకానిక్కులు ఒకదాని భాగాలు మరొకదానికి వేసి, బెంగళూరు దాకా ఎగరగలిగే స్థితికి తెచ్చారు. టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ వాటిని ఒక్కొక్కటిగా ఎగరేసుకొచ్చారు. బెంగళూరులో పూర్తిగా బాగుచేసిన ఆ విమానాలతోనే 1948 నవంబర్‌లో భారత వైమానిక దళపు ఐదో స్క్వాడ్రన్ మొదలైంది. 1968 దాకా అవి సేవలో ఉన్నాయి. నేడు బ్రిటన్, అమెరికా, కెనడా మ్యూజియములలో ఉన్న లిబరేటర్లలో కొన్ని ఇలా బెంగళూరులో బతికినవే. వాటి ముందు నిలబడి ఫోటో తీసుకునేవారు అవి ఎవరి చేతుల మీదుగా వచ్చాయో అడగరు. అడగాలి.

యుద్ధం ముగిశాక

1946 జనవరిలో కరాచీ డ్రిగ్ రోడ్‌లో బ్రిటిష్ ఎయిర్‌మెన్ సమ్మె చేశారు. యుద్ధం అయిపోయినా ఇంటికి పంపడం లేదని వాళ్ల గోడు. కాన్పూరు నుంచి సింగపూర్ దాకా ఎన్నో స్టేషన్లకు అది పాకింది. ఫిబ్రవరిలో నావికుల తిరుగుబాటుకు మద్దతుగా భారత ఎయిర్‌మెన్ కూడా పనులు ఆపారు. రెండు సమ్మెల్లోనూ ముందు నిలిచినది గ్రౌండ్ సిబ్బందే. ఏళ్ల తరబడి ఎవరూ అడగని మనుషులు తమ మాట తాము చెప్పుకున్న సందర్భం అది. 1947 విభజనతో దళమే రెండుగా చీలింది. పక్కపక్కన ఒకే ఇంజను విప్పిన ఫిట్టర్లు రెండు దేశాల వాళ్లయ్యారు.

బెంగళూరు అంచున జాలహళ్లిలో యుద్ధకాలంలో ఇటాలియన్ యుద్ధఖైదీలు ఉన్న చోట 1949లో వైమానిక దళపు టెక్నికల్ కాలేజీ వచ్చింది. యలహంక రవాణా విమానాల శిక్షణ కేంద్రమైంది. 1996 నుంచి ఏరో ఇండియా ప్రదర్శన అక్కడే జరుగుతోంది. దేవనహళ్లి విమానాశ్రయం 2008లో తెరిచాక నంది వైపు ఆకాశం మళ్లీ విమానాలతో నిండింది.

ఎవరిని ఎలా గుర్తుపెట్టుకున్నారు

దక్షిణ, తూర్పు భారతంలోని కంటోన్మెంట్ శ్మశానాల్లో చెదురుమదురుగా ఉన్న కామన్వెల్త్ సైనికుల సమాధులను యుద్ధం తరువాత ఒకచోటికి చేర్చారు. అదే మద్రాసు నందంబాక్కంలోని యుద్ధ శ్మశానం. అక్కడ రెండో ప్రపంచ యుద్ధపు సమాధులు 850కి పైగా ఉన్నాయి. పచ్చిక, ఒకే ఎత్తు రాళ్లు, రాయి మీద పేరు, నంబరు, దళం, వయసు. దక్షిణాదిలో శిక్షణ పొందుతూ చనిపోయినవారిని వెతకాలంటే ముందు పోవలసిన చోటు అది. శరీరం దొరకని వైమానికుల పేర్లు సింగపూర్ క్రాంజీలోని స్మారక స్తంభాల మీద ఉన్నాయి. లండన్‌లోని సెయింట్ క్లెమెంట్ డేన్స్ చర్చిలో దాచిన స్మృతి గ్రంథాలలో లక్షా పాతిక వేలకు పైగా పేర్లున్నాయి.

భారతీయుల సంగతి వేరు. హిందువులకు దహనం ఆచారం కాబట్టి రాయి నాటే చోటు ఉండదు. దేశం లోపల పనిచేస్తూ పోయిన పాతిక వేల మందికి పైగా అవిభక్త భారత సైనికులను ఢిల్లీ యుద్ధ శ్మశానంలోని స్మారకం గుర్తు చేస్తుంది. అలాంటిదే మరొకటి కరాచీలో ఉంది. ఒకే జాబితా, సరిహద్దుకు రెండు వైపులా. 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం స్వాతంత్ర్యం తరువాతి వీరులది. కాబట్టి 1944లో యలహంకలో పనిచేసిన భారతీయ మెకానిక్ అందులోకి రాడు.

ఈ అన్ని స్మారకాలలోనూ ఒక సామ్యం ఉంది. ఇవి చనిపోయినవారివి. గ్రౌండ్ సిబ్బందిలో ఎక్కువమంది చావలేదు. పనిచేశారు, ఇంటికి వచ్చారు, రైల్వేలోనో బస్సు డిపోలోనో రైసుమిల్లులోనో చేరారు, ముసలివాళ్లయి పోయారు. వాళ్లకు రాయి లేకపోవడం అన్యాయమని కాదు. కానీ వాళ్ల పని గుర్తుండాలంటే వెతకవలసిన చోట్లు వేరే. పింఛను కాగితాలు, డిశ్చార్జి సర్టిఫికెట్లు, ఇంట్లో గోడకు వేలాడే గ్రూప్ ఫోటోలు, తాత వాడిన స్పానర్లు. బాగేపల్లి, చింతామణి, మదనపల్లె, హిందూపురం వైపు పాత ఇళ్ల ట్రంకు పెట్టెలు తెరిచి చూడవలసిన పని ఇది. మరో పదేళ్లు ఆగితే ఆ ఫోటోలో ఎవరెవరో చెప్పగలిగినవారు కూడా ఉండరు.

అలాంటి పెట్టెల్లో దొరికే అవకాశం ఉన్న వస్తువు ఒకటుంది. యుద్ధకాలంలో కనీసం మూడేళ్లు దేశంలోనే పనిచేసిన భారత దళాల వారికి ఇండియా సర్వీస్ మెడల్ ఇచ్చారు. యుద్ధరంగానికి దూరంగా, శిక్షణ కేంద్రాల్లో, స్టోర్లలో, వర్క్‌షాపుల్లో పనిచేసినవారికి కూడా దక్కిన పతకం ఇది. ఒక వైపు రాజు ముఖం, మరో వైపు అవిభక్త భారతదేశపు పటం. అందుకున్నవాని పేరు అంచు మీద చెక్కలేదు. ఇంట్లోవాళ్లు ఎవరిదో రాసి పెట్టుకుంటే తప్ప, అది ఏ ఫిట్టర్ ఛాతీ మీదిదో పతకం చెప్పదు.